నువ్వు పంపిన రొట్టె

అంకోనా, మంగళవారం

వెండెల్, ఒంట్లో బాగానే ఉంది, మనసే అక్కడ ఉండిపోయింది.

ఫోన్ చేస్తే "పిండి చేతులు, తర్వాత" అంటావు, అందుకే ఈ కార్డు. మూడు దేశాల ఆరోగ్యశాఖల వాళ్ళం కూర్చుని రొట్టెల్లో ఉప్పు తగ్గించే ఒప్పందం రాస్తున్నాం కదా, నిన్న ఎవరి ఊరి రొట్టె వాళ్ళు పరీక్షకు పెట్టాం. మన బేకరీ నుంచి నువ్వు పంపిన రొట్టె మూట విప్పగానే ముందు వాసన చూశాను. ఒక ముక్క తిన్నాను. అచ్చం మన ఇంటి రుచే. "ఇందులో ఉప్పు ఎక్కువే ఉంటుంది, మా ఆయన మొండివాడు" అని ముందే చెప్పేశాను. పరీక్ష చేసిన ఓర్నెల్లా పగలబడి నవ్వింది. "ఏమ్మా, మీ ఆయన మనకంటే ముందే తగ్గించేశాడు. అన్నిట్లోకీ ఇందులోనే తక్కువ!"

కొద్దికొద్దిగా తగ్గిస్తే నాలుకకు తెలియదని నేనంటే, "నీ ఆఫీసు పెత్తనం నా పొయ్యి దగ్గర వద్దు" అని, నేను బయల్దేరే రోజు స్టేషనుకైనా రానిది నువ్వే కదా!

అత్తయ్య బీపీ మాత్రలు అయిపోవచ్చాయేమో చూడు. గుమ్మడిగింజల నూనె ఒక సీసా పంపు, ఇక్కడి సలాడ్ నోట పెట్టలేకపోతున్నాను. అత్తయ్యను అడిగానని చెప్పు.

ఎప్పటి నుంచి తగ్గిస్తున్నావు? నేను అక్కడ ఉన్నప్పటి నుంచేనా? రోజూ నీ ఎదురుగా కూర్చుని తిన్నా నాకు తెలియలేదా? జవాబు రాయకు. నేను వచ్చాక, పొయ్యి దగ్గర నిలబడి చెప్పు.

నీ జ్లాట్కా