జీవన్ మాటలకు ఎంత చోటు

బ్రూస్‌పేట, బళ్ళారి
17 నవంబరు 2025, సోమవారం

తమ్ముడు చక్రధర్‌కు,

మీ అన్న కోదండరామి దీవించి రాయడమేమంటే, ఇక్కడ నేనూ, మీ వదిన యశోదమ్మా, జీవనూ క్షేమంగా ఉన్నాము. నువ్వూ, రోహిణీ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఆరు నెలలుగా మన మధ్య మాటల్లేవు, అయినా పెద్దవాణ్ణి కాబట్టి దీవెన దీవెనే. అది నీ నెత్తిన వేసేశాను. ఇక నా కోపం సంగతి చదువు.

కంటోన్మెంటులో ఉన్న నీ మొబైల్ అంగడికి ఆటో ఎక్కితే పది నిమిషాలు. దానికి ఉత్తరమెందుకంటావేమో! ఎదురుగా నిలబడి చెబితే నువ్వు నడుమ నడుమ నోరు పెడతావు. కాగితంలో నోరు పెట్టలేవు. కూర్చుని చివరిదాకా చదువు.

నా కొడుకు నాతో జగడం పెట్టుకున్నాడు చక్రధరా! పుట్టినప్పటినుంచీ నోట మాట రాని నా జీవన్, ఇరవై మూడేళ్ళ మొగపిల్లవాడు, నిన్న సండూరు బస్టాండులో పదిమంది చూస్తుండగా తన తండ్రితో గొడవ పడ్డాడు! ఈ సంతోషం నీకు పంచుదామని కాదు రాస్తున్నది. నువ్వు విని కుళ్ళుకోవాలని రాస్తున్నాను.

నువ్వన్న మాటలు ఒక్కటీ మరిచిపోలేదు నేను. నాలుగేళ్ళ కిందట వాడికి ట్యాబ్ కొందామని నీ అంగడికి వస్తే, "ఆ పిల్లోడు దినానికి ఎన్ని మాటలు చెప్తాడనా? ముప్పై రెండు జీబీ వానికి ఎక్కువే పో" అని అట్టపెట్టె నా చేతిలో పెట్టావు. నాకేం తెలుసు? నేను ఎనిమిదో తరగతి చదివి, లారీలు తోలినవాణ్ణి. అందులో సగం చోటు దాని సొంత సరుకే తినేస్తుందని నాకు చెప్పావా?

వాడు మాట్లాడేదెట్లాగో నీకు తెలియదు, ఎప్పుడైనా పక్కన కూర్చుంటే కదా తెలిసేది. వాడికి గీసిన బొమ్మలు పట్టవు. అందుకని ఒక్కో మాటకు ఒక చిన్న వీడియో తీసి పెట్టాం. యశోద చెంబులో మజ్జిగ పోస్తుంటే అది మజ్జిగ. నేను చెప్పులు వేసుకుంటే అది బయటికి. వాడు వీడియోను నొక్కితే మా గొంతు ఆ మాట పలుకుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలోకి పోతే కన్నడం కాబట్టి ప్రతి మాటనూ రెండుసార్లు తీశాం. చోటు రెండింతలు పట్టింది.

ఆరు నెలల కిందట అది నిండిపోయి, ఇంక ఒక్క కొత్త మాట కూడా పట్టదని మొరాయించింది. నొక్కిన మాట పలకడానికి కూడా నత్తలాగా సాగేది. కొత్తది తీసుకుందామా, ఎంత చోటున్నది తీసుకుందామా అని ట్యాబ్ పట్టుకొని నీ దగ్గరికే వచ్చాను, తమ్ముడివి కదా అని. బేరానికి వచ్చినవాళ్ళ ముందు నువ్వేమన్నావు? "ఒక బాసలోనే మాట్లాడలేనోనికి రెండు బాసలేంటికనా? ఇంట్లో ఒక మూగోడు, ఈదిలో ఇంగో మూగోడా?" అన్నావు. వాళ్ళు నవ్వారు. నువ్వూ నవ్వావు. పైగా "కొత్తది ఏంటికి, అక్కరలేనివి చెరిపేసుకో" అన్నావు.

నువ్వన్నట్టే ట్యాబ్‌లో మాటలు చెరిగిపోయాయి. మూడో రోజునుంచి వాడు ట్యాబ్ ముట్టలేదు. నీళ్ళు పోస్తే పోయించుకుంటాడు, అన్నం పెడితే తింటాడు, మిగతా పొద్దంతా గోడవైపు తిరిగి కూర్చుంటాడు. "మీ తమ్ముని అంగడికి పోయొచ్చినప్పట్నుంచే పిల్లోడు ఇట్లయినాడు, ఆయప్ప మొగం నేను సూడను" అని మీ వదిన కంటతడి పెట్టుకుంది. రోహిణితో ఆమె మాటలు మానేసింది అందుకే. తోడికోడళ్ళు విడిపోయారంటే దానికి నీ నోరే కారణం.

వారానికి రెండుసార్లు వచ్చి వాడికి మాటలు నేర్పే బిందుశ్రీ మేడం పోయినవారం నన్ను గట్టిగా అడిగింది. "ఇప్పుడున్న మాటలు చూసి కొనకండి సార్. వచ్చే ఏడాదికి ఎన్ని కావాలో ఎవరు చెప్తారు? పాతదానికి ఈ మాటల యాప్ కొత్తది ఎక్కడం కూడా లేదు" అంది. ఇంక ఆగలేదు నేను. గురువారం జీవన్‌ను వెంటబెట్టుకొని మా సందు చివర హనుమేష్ అంగడికి పోయాను. అవును, నీ పోటీ అంగడికే!

హనుమేష్ అరవై నాలుగు జీబీది తీసి, "ఏంటికి వాడతాడప్పా, ఆటలకా సినిమాలకా?" అన్నాడు. మాట్లాడడానికి అన్నాను. "దినానికి ఎంతసేపు వాడతాడప్పా?" అని మళ్ళీ అడిగాడు. "నువ్వు నీ నోరు దినానికి ఎంతసేపు వాడతావప్పా?" అన్నాను. ఆ మనిషి పకపకా నవ్వి, నీలాగా కాదు, మంచిగా నవ్వి, ఆ పెట్టె తీసి లోపల పెట్టేశాడు. "మెమరీ కార్డు ఏసుకుంటే సరిపోతాది గదా" అని ఒక మాట అన్నాడు గానీ, ఆ యాప్ కార్డులో ఉన్నది చదవదని మేడం ముందే చెప్పి పంపింది.

మిగిలినవి నూట ఇరవై ఎనిమిది, రెండు వందల యాభై ఆరు. నాకు మనసు ఊగింది. చివరికి వాడినే అడుగుదామనిపించింది. అంకెలు వాడికి పట్టవు. లారీలంటే ప్రాణం కదా! పాత ట్యాబ్, పక్కన ఆ రెండూ వాడి ముందు పెట్టి, "నాయనా, ఈ పాతది ఆరు చక్రాల బండి. ఇది పది చక్రాలది. ఇదేమో సండూరు కొండ దిగే పదహారు చక్రాల టిప్పరు. నీ మాటలన్నీ ఎత్తుకొని పోవల్ల. ఏది కావాల?" అన్నాను. ఆరు నెలల తర్వాత వాడి వేలు కదిలింది చక్రధరా! వెతికి వెతికి, ఎర్రధూళి లేపుకుంటూ పోయే టిప్పరు వీడియో నొక్కాడు. హనుమేష్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. రెండు వందల యాభై ఆరుదే తెచ్చుకున్నాం.

నిన్న ఆదివారం కొత్తది మెడలో వేసుకొని సండూరు బస్సెక్కాడు. బస్టాండు రాగానే కండక్టర్ వైపు తిప్పి "ఇళీబేకు" నొక్కాడు, దిగాలని. ఆ కండక్టర్ బసవరాజ్ అని, ఆ దారిలో అందరికీ తెలిసినవాడే, "ఇళీరి సార్, నిధాన" అన్నాడు, నెమ్మదిగా దిగండి అని. సార్ అన్నాడు నా కొడుకును! నువ్వు ఎగతాళి చేసిన ఆ రెండో భాషకు వచ్చింది ఈ సార్!

ఖనిజం లారీలు చూసి చూసి పొద్దు వాలింది. పోదాం రా నాయనా అంటే కదలడు. చెయ్యి పట్టి లాగాను. వాడు విదిలించుకొని, శబ్దం పూర్తిగా పెంచి, "నాన్న. పో. నేను. లారీ. ఇంకా" అని నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. బుట్ట పక్కన కూర్చున్న ఒక ముసలామె "ఏం తిట్లు తిడతాండాడప్పా నీ కొడుకు!" అంది. తిడుతున్నాడమ్మా, తిడుతున్నాడు అని ఆమెకు చెప్పి చెప్పి నవ్వాను, ఏడ్చాను. ఒక బస్సు పోగొట్టుకున్నాం. పోనీ!

కాబట్టి నా గడప తొక్కకు. వచ్చే నెల వాడి పుట్టినరోజుకు కేకు మోసుకొని రావద్దు. మూగోడు అన్న నోటితో నా ఇంట్లో పాయసం తాగవద్దు.

ఇట్లు,
నీ మీద కోపం తీరని అన్న
కోదండరామి

తా.క.: ఉత్తరం అంటించబోతుంటే మీ వదిన తీసుకొని చదివింది. "ఏయే మాటలు చెరిపినాడో మీ తమ్ముడు, అవి గూడా రాయి, సిగ్గుపడనీ" అంది. రాయక తప్పదు.

నువ్వు చెరపలేదు. నువ్వే చెరిపావని ఇంట్లో చెప్పింది నేను. ఆరోజు నేను లేచి వచ్చేస్తుంటే నువ్వు వెనకనుంచి, "ఏవి అక్కరలేదో వాన్నే అడిగి తియ్యన్నా" అని కేకేశావు. వినబడనట్టు వచ్చేశాను. వాణ్ణి అడగలేదు. ఎక్కువ చోటు తినేవి కూడా తీయలేదు. వద్దు, లేదు, కన్నడంలో వద్దు అనే బేడ, కోపం, ఇవి నాలుగూ చెరిపేశాను. నీళ్ళు పోసేటప్పుడు వద్దు, మాత్ర వేసేటప్పుడు వద్దు, జుట్టు కత్తిరించేటప్పుడు బేడ. పొద్దున లేస్తే అదే వరస. ఇల్లు నిమ్మళంగా ఉంటుందనుకున్నాను. నిమ్మళంగానే ఉండింది, ఆరు నెలలు.

యశోదకు ఈ పూటే జరిగిందంతా చెప్పేశాను. ఆమె రోహిణికి ఫోను చేయడానికి లోపలికి పోయింది. రెండు భాషల మాట మాత్రం నువ్వన్నదే, దాన్ని నేను వదలను.

ఆ నాలుగు మాటలూ ఇప్పుడే కొత్తగా తీసి ఎక్కించాను. వద్దు అనే మాట నా గొంతుతోనే పలికి పెట్టాను. వాడి ఎదురుగా కూర్చొని, చేసింది చెప్పి, తప్పయింది నాయనా అని తల నిమిరాను. వాడు నా మొహం చూశాడు. కిందికి వంగి నొక్కాడు.

"వద్దు" అని నా గొంతే నాతో అంది. చెయ్యి తీసేశాను.