వంతెనకి తెలుస్తుందా?

లెక్కల మాస్టారికి,

నమస్కారాలు. ఇంట్లో అందరం కులాసా.

మీ తొమ్మిదో తరగతిలో చదువుతున్న మా అమ్మాయి నిన్న ఒక చీటీ తెచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ల బరువులు రాసి పంపమన్నారు. ఎందుకే అంటే "స్కూలు పని" అంది. దాని నోట్లోంచి రోజుకి రెండు మాటలొస్తే గొప్ప, ఆ రెండూ అయిపోయాయి. మా అత్తగారు దానికి మూగనోము అని పేరు పెట్టారు. దుకాణంలో సూది అడగలేక, చేతికందిన దారం తెచ్చిన పిల్ల.

మా వారు డెబ్బై నాలుగు కిలోలు, అత్తగారు నలభై తొమ్మిది, నేను యాభై ఎనిమిది. ఇది వైద్య పరీక్షల కోసమైతే ముందే చెప్పండి. సూదిమందంటే మా వారు ఊళ్లో ఉండరు.

ఇట్లు,
మూగనోము తల్లి

తా.క. పప్పుల డబ్బాల మీద కూడా తేదీ వేసే మనిషిని. నా అంకెలు నమ్మవచ్చు.

---

అమ్మా, నమస్కారం.

కొట్టివేతలు లేకుండా ఇంత శుభ్రంగా అంకెలు పంపింది మీరొక్కరే.

ఇది వైద్య పరీక్ష కాదు. బడికీ ఆటస్థలానికీ మధ్య కాలువ ఉంది కదా, దాని మీద మా ఇరవై ఇద్దరు పిల్లలూ నడకవంతెన కడుతున్నారు. అట్టముక్కల నమూనా కాదు, పద్నాలుగడుగుల అసలు వంతెన. చెక్క కోసేదీ, బోల్టు బిగించేదీ వాళ్లే. వడ్రంగి పెద్దాయనా నేనూ పక్కన ఉంటాం. వచ్చే శనివారం పెద్దవాళ్లంతా దాని మీద నడవాలి. ఒకేసారి ఎంతమంది ఎక్కవచ్చో లెక్కగట్టేది మీ అమ్మాయే. బరువుల కాగితం ఏదొచ్చినా ఆమె ఫైలుకే వెళ్తుంది. నాది కూడా అక్కడే ఉంది.

మీ శ్రేయోభిలాషి,
లెక్కల మాస్టారు

తా.క. మూగనోము అన్నారు. పని మొదలైన మూడోరోజే వడ్రంగి దగ్గరికెళ్లి "తాతా, ఈ చెక్క అర అంగుళం పొట్టి" అంది. ఆయన నవ్వుతూ కొలిచాడు. కొలిచాక నవ్వలేదు.

---

మాస్టారికి నమస్కారాలు.

కాలువ మీద వంతెనా? గ్లాసుతో మంచినీళ్లు తెస్తే సగం గుమ్మంలోనే ఒలకబోసే పిల్ల అది. ఇప్పుడు రెండు స్టూళ్ల మీద ఇస్త్రీ చెక్క వేసి బిందెలు పేరుస్తోంది. నిన్న వాళ్ల నాయనమ్మని ఎక్కించింది. ఆవిడ దిగనంటున్నారు. కిటికీలోంచి వీధి బాగా కనిపిస్తోందట.

నాదొక సందేహం. బరువుల్లో ఎక్కడో పొరపాటు దొర్లితే వంతెనకి తెలుస్తుందా? ఒక పది పన్నెండు కిలోల తేడా అనుకోండి. ఊరికే అడుగుతున్నాను. ఆ లెక్క ఇంకోసారి చూస్తే మంచిదేమో.

ఇట్లు,
కంగారుపడుతున్న తల్లి

తా.క. ఆ ఫైలు ఎవరెవరు చూస్తారు?

---

అమ్మా,

మీ ఉత్తరం నాకు కష్టం కలిగించింది. కన్నతల్లికే నమ్మకం లేకపోతే పిల్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది? నియమం ప్రకారం మీ ఉత్తరం ఆమె ఫైలుకి వెళ్లింది. రెండు రోజులుగా ఆమె నోరు విప్పలేదు. ఫైలు మూసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. ఏమైందమ్మా అంటే నన్ను ఎగాదిగా చూసి తల దించుకుంటోంది. ఆమె సరే అనందే బోల్టులు బిగించనని వడ్రంగి భీష్మించుకున్నాడు. శనివారానికి ఇంకా మూడు రోజులే. ఇన్నాళ్లకి పైకొచ్చిన గొంతు ఇప్పుడు లోపలికి పోతే మళ్లీ వస్తుందో రాదో. ఆమె తప్పు ఎక్కడ చేసిందో దయచేసి చెప్పండి.

లెక్కల మాస్టారు

తా.క. మీ అంకెల కాగితాన్ని మిగతా తల్లులకి ఆదర్శంగా చూపించాను కూడా.

---

మాస్టారికి,

తప్పు దానిది కాదు, నాది. యాభై ఎనిమిది అన్నది అది పుట్టకముందు మాట. ఇప్పుడు డెబ్బై ఒకటి. అడిగినవాళ్లందరికీ పాత అంకే చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది.

ఆ ఉత్తరం మీకు పంపిన రోజే కూరలకి వెళ్తూ మీ గోడ దగ్గర ఆగాను. పిల్లలు దూలం మోస్తున్నారు. ఇద్దరు తడబడ్డారు. "ఆగండి. ముందు ఎడమవైపు దించండి" అని ఒక గొంతు వినిపించింది. అందరూ ఆగారు, దించారు. ఎవరీ గట్టి పిల్ల అనుకుని తొంగిచూశాను. ఆ గొంతు మా ఇంట్లోనే ఉందని పద్నాలుగేళ్లుగా నాకు తెలియదు. కొనాల్సినవాటి చీటీ చేతిలో ఉండగానే కూరలు మర్చిపోయి ఇంటికొచ్చాను.

దాని చేత ఫైలు తెరిపించండి. కావాలంటే నా బరువు నల్లబల్ల మీద రాయండి.

ఇట్లు,
డెబ్బై ఒక్క కిలోల తల్లి

తా.క. నల్లబల్ల మాట ఆవేశంలో రాశాను. చదివాక ఈ ఉత్తరం చింపేయండి.

---

గౌరవనీయులైన అమ్మగారికి,

బరువుల విభాగం నుంచి నమస్కారాలు. మీ ఉత్తరం నా ఫైలుకి చేరింది.

దాని వల్ల లెక్కేమీ మారలేదు. మందుల షాపులో మీరు బరువు చూసుకున్నప్పుడు మీ చేతిసంచి పట్టుకుని వెనక నిలబడింది నేనే. మొదటిరోజే డెబ్బై ఒకటి వేసుకున్నాను. డబ్బాల మీద తేదీలు వేసే మనిషే పదమూడు తగ్గిస్తే మిగతావాళ్ల సంగతేమిటని, అందరి అమ్మలకీ తలా పదమూడు కలిపాను.

నేను మాట్లాడనిది మీ వల్ల కాదు. మాస్టారు తన బరువు అరవై రెండని రాసిచ్చారు. ఆయన కుర్చీని చూస్తే అలా లేదు. లెక్కల మాస్టారికి లెక్క తప్పని ఎలా చెప్పను? ఇవాళ మీ ఉత్తరం ఆయన ముందు పెట్టి, "మా అమ్మ ఒప్పుకుంది మాస్టారూ, మీరూ ఒకసారి కాటా ఎక్కండి" అన్నాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకుని, ఎక్కారు. ఎనభై తొమ్మిది.

సాయంత్రం బోల్టులు బిగించి ఇసుక బస్తాలు పేర్చాం. వంతెన కిక్కురుమనలేదు. శనివారం పొద్దున పదింటికి రండి. ముందు మీరూ మాస్టారూ నడవాలి. ఈ ఊరు మొత్తానికి నిజం చెప్పిన బరువులు మీ ఇద్దరివే.

ఇట్లు,
బరువుల బాధ్యురాలు

తా.క. అమ్మా, నీ ఉత్తరం చింపలేదు. ఈ కాగితానికి గుచ్చిన సూది జాగ్రత్తగా తీసుకో. దుకాణంలో నేనే అడిగి తెచ్చాను.