కోసేసిన ఆరు నిమిషాలు

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు ప్రేమతోనూ, ప్రేమ కన్నా కాస్త ఎక్కువ కోపంతోనూ రాస్తున్న ఉత్తరం. కోపం నీ మీద కాదు, కంగారుపడకు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం, ఒక్క నా బీపీ తప్ప. అక్కడ నువ్వూ, బావగారూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. రెండో అంతస్తులో ఉండేదాన్ని మెట్లెక్కకుండా ఇంటికెలా వెళ్ళాలో కూడా మీరే చెప్పండి అని అమ్మ నిలదీసింది. ఆయన మాత్రలు రాసిచ్చాడు. డ్రమ్స్ ఇంకా వాయిస్తున్నావా అని కూడా అడిగావు. ఆదివారం పొద్దున్న ఒక గంట, కింది వాటావాళ్ళు బజారుకి వెళ్ళినప్పుడు వాయిస్తాను. ఈ మధ్య వాళ్ళు బజారు నుంచి మరీ తొందరగా వచ్చేస్తున్నారు. నువ్వు శ్రుతి చేసిన బడి పియానోలో ఎలకలు పిల్లల్ని పెట్టాయన్న సంగతి అమ్మకి చదివి వినిపించాను. ఆ హెడ్మాస్టరమ్మ తప్పంతా నీ శ్రుతిదే అన్నదట కదా, అమ్మ ఆవిణ్ణి నీ తరఫున బాగా తిట్టింది.

ఇక అసలు సంగతి. రికార్డుల కంపెనీ నుంచి వచ్చిన ఒప్పందం కాగితం గురించి రాశావు. ఎక్కడ సంతకం పెట్టాలో చెబితే పెట్టి పంపేస్తానన్నావు. ఈ ఉత్తరం ఆఖరిదాకా చదివేవరకు నువ్వు కలం ముట్టుకోవద్దు. ఒట్టు.

ఆ కంపెనీ ఆయన మంగళవారం నేను పనిచేసే పాత రికార్డుల దుకాణానికి ఊడిపడ్డాడు. చంకలో ఫైలు, మొహం మీద చెదరని నవ్వు. ఇరవై రెండేళ్ళ కిందటి మన ఊరి బ్యాండ్ల పాటలన్నీ ఏరి రెండు రికార్డులుగా తెస్తున్నారట. ఒకటి పంక్, రెండోది ప్రోగ్. మన పాట పంక్ దాంట్లో పడిందట.

“మీది అచ్చమైన పంక్ మేడమ్,” అన్నాడు, బంగారం గీటు పెట్టి చూసినవాడిలా.

“ఏ పాటండీ?”

“రేడియోలో వచ్చిందే. రెండు నిమిషాల యాభై సెకన్లు.”

“మా పాట తొమ్మిది నిమిషాలు.”

“అబ్బే, అంతుండదండీ. పంక్‌లో అంతుండదు.”

నేను వాయించిన పాట ఎంతసేపుందో నాకే చెబుతున్నాడక్కా! అప్పటికే అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఓపిగ్గా చెప్పాను. మొదటి మూడు నిమిషాలూ అరుపులు, ఆ తర్వాత ఆరు నిమిషాలు మా అక్క కీబోర్డు, తాళం ఏడు దెబ్బలు అని. ఆయన కలం మూసి బల్ల మీద పెట్టాడు. ఏదో చావు కబురు విన్నట్టు మొహం పెట్టాడు.

“ఏడు దెబ్బలంటే అది ప్రోగ్ అండీ.”

“అయితే ప్రోగ్ రికార్డులోనే వేసుకోండి.”

“అప్పుడు మొదటి మూడు నిమిషాలూ అడ్డొస్తాయి మేడమ్. ప్రోగ్ వినేవాళ్ళకి ఆ కేకలు పడవు.”

ఒకళ్ళకి మన నోరు అక్కర్లేదు, ఇంకొకళ్ళకి నీ చేతులు అక్కర్లేదు. మనం మనుషులుగా మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అదే మాట ఆయన మొహం మీదే అనేశాను. మా ఓనరు కౌంటరు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

“పెట్టె మీద పేరు రాయకపోతే కొనేవాడికి సరుకు దొరికేదెలాగమ్మా? నువ్వు రోజూ చేసే పనేగా అది!” అన్నాడు.

నిజమే. ఈ దుకాణంలో పెట్టెల మీదుండే అట్టముక్కలన్నీ నా దస్తూరీయే. పంక్, ప్రోగ్, మెటల్, ఇంకా తల తోక తెలియని వాటికి ‘ఇతరములు’. పేరు పెట్టడం తప్పని నేనెప్పుడూ అనలేదు. పేరు వెతుక్కునేవాడికి దారి చూపిస్తే చాలు. కానీ పెట్టెలో పట్టలేదని రికార్డు అంచు కత్తిరిస్తామా? ఆ మాట అడిగితే ఓనరు నవ్వేసి, కంపెనీ ఆయనకి కుర్చీ వేశాడు. నాకు ఒళ్ళు మండిపోయి వెనక గదిలోకి వెళ్ళి, ఏ తప్పూ చెయ్యని రికార్డుల మీద దుమ్ము దులిపాను.

ఇంటికొచ్చి అమ్మ దగ్గర మొత్తం కక్కేశాను. అసలు ఈ పంకేమిటి, ప్రోగేమిటి అని అడిగింది. పంక్ అంటే మూడు నిమిషాల్లో తేల్చెయ్యాలి, గొంతు చించుకోవాలి, వాయించడం పెద్దగా రాకపోయినా పర్వాలేదు, వచ్చినా రానట్టుండాలి అన్నాను. ప్రోగ్ అంటే పాట పావుగంట సాగాలి, తాళం వంకరటింకరగా నడవాలి, వాయించేవాడు పరీక్షల్లో ఫస్టు వచ్చినవాడిలా కనిపించాలి అన్నాను. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ అంతా విన్నది.

“నాకైతే రెండూ తలనొప్పేనే. కానీ అక్క షిఫ్టు దిగొచ్చి వాయిస్తుంటే, అవతల ఫ్యాక్టరీలో మిషను ఆపేసినా ఇంకా ఆడుతున్నట్టే ఉండేది. దాన్నేమంటారు?” అన్నది.

“దానికి పేరు లేదమ్మా.”

“లేకపోతే మానె. దానికి పేరెందుకు?”

ఆ కంపెనీలో కూర్చోబెట్టాల్సింది అమ్మనక్కా, ఆ ఫైలు మనిషిని కాదు.

నీకు గుర్తుచెయ్యక్కర్లేదు, అయినా రాయకపోతే నా కడుపు మంట చల్లారదు. మనం సాధన చేసుకున్న గదికీ, నువ్వు పనిచేసిన అట్టపెట్టెల ఫ్యాక్టరీకీ మధ్య ఒక్క గోడే అడ్డం. అట్టల్ని కోసి మడత గీతలు వేసే ఆ మిషను ఆరు దెబ్బలు గట్టిగా కొట్టి, ఏడోది ఈడ్చుకుంటూ కొట్టేది. ఎనిమిది గంటలు దాని ముందు నిలబడి నిలబడి, నువ్వు ఇంటికొచ్చాక కూడా నీ కాలు అలాగే ఆడేది. గొంతు చూసి మనం ‘గంట’ అని పిలిచే మన పాటగాడు సూపర్‌వైజరు మీద వేసిన కేకలు మొదటి మూడు నిమిషాలు. తర్వాత ఆ కేకలు ఎవడూ పట్టించుకోడు, మిషను దాని పని అది చేసుకుపోతుంది. నీ ఆరు నిమిషాలూ అదే. వినేవాళ్ళకి విసుగు పుట్టాలి, కాళ్ళు లాగాలి, ఎప్పుడు ఆగుతుందా అనిపించాలి అన్నావు నువ్వు. అందులో పాండిత్యం చూపించడానికి వేసిన స్వరం ఒక్కటి లేదు. కేక వేసి ఇంటికి పోవడం ఎవరికైనా చేతనవుతుంది. నిలబడటమే కష్టం. ఆ పాటలో నిజంగా కోపమున్నది వాళ్ళు ప్రోగ్ అంటున్న ముక్కలోనే. ఈ మాట ఏ ఫైల్లో రాస్తారో రాసుకోమను!

నీకొచ్చిన కాగితం మూడో పేజీ చూశావా? బ్యాండు సభ్యులు అని ముగ్గురి పేర్లున్నాయి. పాడిన గంట, బాస్ గిటారు వాయించిన పొడుగోడు, నేను. వాటికింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘అదనపు సహకారం’ అని నీ పేరు. ఎందుకంటే వాళ్ళ దగ్గరున్న రెండు నిమిషాల యాభై సెకన్లలో నీ కీబోర్డు ఎక్కడా వినపడదు. పాట కట్టింది నువ్వు. నాకు తాళం నేర్పింది నువ్వు. గంటకి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పింది నువ్వు. నువ్వు అదనపు సహకారమట! గంట అప్పుడే సంతకం పెట్టేశాడు. ఇప్పుడు కళ్ళద్దాల షాపు నడుపుతున్నాడు కదా, ఫోన్ చేసి, ఆ మూడో పేజీ నీ కళ్ళద్దాల్లోంచి ఒకసారి చదవరా అన్నాను. “పోనీలేవే, ఏదో ఒక పెట్టెలో పడితే చాలు,” అన్నాడు. ఫోన్ ఠపీమని పెట్టేశాను. పొడుగోడు మన నలుగురిలో ఆఖరి సంతకం తనదేనన్నాడు. ఎప్పుడూ అంతే, మిగతావాళ్ళు ఆగాకే ఆగేవాడు.

ఇన్ని పేజీలు ఇంత గట్టిగా ఎందుకు అరుస్తున్నానో నీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. చిన్నప్పట్నుంచీ నేను తప్పు చేసినప్పుడే ఎక్కువ గొంతు చేస్తానని నీకు తెలుసు.

నీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. “రేడియోవాళ్ళు ఆనాడే నా భాగం కోసిపారేశారు, ఇప్పుడింకెవరు కోస్తే నాకేంటి,” అని రాశావు. అది చదివి రెండు రోజులు అన్నం సయించలేదు.

అక్కా, రేడియోవాళ్ళు కొయ్యలేదు. నేను కోశాను.

ఆ రోజు మధ్యాహ్నం రేడియో ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. పంక్ పాటల కార్యక్రమంలో మన పాట వేస్తాను, కానీ మూడు నిమిషాలు దాటితే అందులో పట్టదు, మీరే తగ్గించి సాయంత్రంలోగా తెచ్చివ్వండి, లేదంటే వద్దు అన్నాడు. నువ్వు షిఫ్టులో ఉన్నావు. గోడకి అవతలే ఉన్నావు. నాలుగడుగులు వేసి గేటు దగ్గర పిలిపిస్తే వచ్చేదానివి. నేను పిలిపించలేదు. రికార్డింగు గదికి వెళ్ళి టేపు బల్ల మీద పరిచి, తాళం చప్పుడు ఆగి నీ వేళ్ళు మొదలయ్యే చోటు వెతికి, బ్లేడు పెట్టాను. నా చెయ్యి వణకలేదు. వణికిందని రాద్దామనుకున్నాను, కానీ వణకలేదు.

టైము లేక కోశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అప్పట్లో పంక్ కుర్రాళ్ళు మనల్ని ‘ట్యూషను బ్యాండు’ అనేవాళ్ళు, గుర్తుందా? నీ కీబోర్డు మొదలవగానే వెనక వరసల్లోంచి ఆవలింతలు వినిపించేవి. నువ్వు తలెత్తేదానివి కాదు. నాకు మాత్రం సిగ్గేసేది. పైగా ఆ ఏడు దెబ్బలు నాకు సరిగ్గా వచ్చేవి కావు, నలభై సార్లకి ఒకసారి తప్పేదాన్ని, నువ్వు కళ్ళతోనే నన్ను మళ్ళీ దారిలో పెట్టేదానివి. ఆ చూపు నాకు చచ్చేంత చిన్నతనంగా ఉండేది. మూడు నిమిషాల పాటలో నేను సింహాన్ని. తొమ్మిది నిమిషాల పాటలో నీ చెల్లెల్ని. వాళ్ళ గుంపులో ఒకదాన్ని అనిపించుకోవాలని, పంక్ అనే రెండక్షరాలు నా మొహాన అంటించుకోవాలని నిన్ను కోసేశాను. మంగళవారం ఆ ఫైలు మనిషిని తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగలాలో ఇప్పుడు చూడు.

పాట రేడియోలో వచ్చినప్పుడు మనమంతా అమ్మ చుట్టూ కూర్చుని విన్నాం. రెండు నిమిషాల యాభై సెకన్లకి ఆగిపోయింది. నువ్వు ఇంకా వింటూనే ఉన్నావు. ఎవరూ అడక్కముందే నేను, “వాళ్ళు కోసేసినట్టున్నారే,” అన్నాను. అంతే. వారానికి కీబోర్డు అమ్మేశావు, ఆర్నెల్లకి పియానోలు శ్రుతి చేసే పని నేర్చుకుని ఊరు వదిలావు. రేడియోతో ఎవరు పోట్లాడగలరు? నేనని తెలిస్తే చెంప పగలగొట్టేదానివి. మర్నాడు మళ్ళీ వాయించేవాళ్ళం. ఆ పోట్లాట కూడా నీకు దక్కకుండా చేశాను.

ఎవరు కోశారని నువ్వు ఒక్కసారైనా అడిగి ఉంటే చెప్పేసేదాన్ని అని కూడా అనుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమే. అడిగినా చెప్పేదాన్ని కాదు.

కోసిన ఆరు నిమిషాల టేపు నా దగ్గరే ఉంది, పారెయ్యలేదు. మొన్న దుకాణంలో పాత మిషను మీద పెట్టి, తలుపు గడియ వేసుకుని విన్నాను. ఓనరు బయట తలుపు కొడుతున్నా ఆరు నిమిషాలూ అయ్యేదాకా తియ్యలేదు. ఇది మూడో తారీకున విడిగా పార్సిల్ చేస్తాను. ఈ ఉత్తరం ముందు చేరాలని కావాలనే ఆలస్యం చేస్తున్నాను.

కంపెనీకి నేను సంతకం పెట్టనని రాసి పంపేశాను. తొమ్మిది నిమిషాలూ ఉండాలి, మూడో పేజీలో నలుగురి పేర్లూ ఒకే సైజులో ఉండాలి, పైన పంక్ అని వేసుకుంటారో ప్రోగ్ అని వేసుకుంటారో వాళ్ళిష్టం, లేదంటే పాటే వద్దు అన్నాను. కానీ అది నా మాట. నీ తరఫున నేను ఇంకోసారి నిర్ణయం చెయ్యను. పెడతావో మానతావో నువ్వే తేల్చుకో. రేడియోవాళ్ళ మీద విరక్తితో మాత్రం పెట్టకు, వాళ్ళు నీకేం చెయ్యలేదు.

ఈసారి జవాబులో క్షేమ సమాచారాలు వద్దు, అమ్మ మోకాలి సంగతీ వద్దు. తిట్టు. ఇరవై రెండేళ్ళు నువ్వు ఎవరి మీదా చూపించలేకపోయిన కోపమంతా నా మీద చూపించు. ఎంత పొడుగైనా సరే, ఒక్క ముక్క కొయ్యకుండా మొత్తం చదువుతాను.

ఇట్లు,
నిన్ను కోసిన చేతితోనే ఇది రాసిన
నీ చెల్లెలు