బావ కట్టిన కోళ్లగూడు

తమ్ముడూ, మేం బాగానే ఉన్నాం, దిగులు పెట్టుకోకు.

మీ బావ పెరట్లో కోళ్లగూడు కట్టి, కోళ్లు తిరగడానికి దాని ముందు చుట్టూ, పైనా ఇనపవల బిగించారు. దర్జీ కదా, చొక్కా తిరగేసి కుట్టినట్టు మేకులన్నీ లోపల్నించే కొట్టారు. తీరా చూస్తే తలుపు మర్చిపోయారు! కోళ్లు బయట, ఆయన లోపల. నవ్వానని నామీద గయ్యిమన్నారు. చివరికి వల కోసుకుని బయటపడ్డారు.

వచ్చేటప్పుడు తలుపుకి రెండు మడతబందులు పట్టుకురా. పాపకి దగ్గు తగ్గిందా?

రెడీమేడ్ చొక్కా వేసుకొచ్చావని నీమీద అలిగిన మనిషి, "వాడు వంగకుండా దూరాలి" అంటూ ఆ తలుపు నీ ఎత్తుకే చేస్తున్నారు. టేపు కూడా తియ్యలేదు. నీ కొలతలన్నీ ఆయనకి ఇంకా కంఠతా వచ్చు.

పిల్లాపాపలతో చల్లగా ఉండు.
మీ అక్క