తొమ్మిదో నంబరు కుర్చీ

జూన్ 3, సాయంత్రం

నన్ను సెక్రటరీని చేశారు. కారణం నా దస్తూరి బాగుంటుందట. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ప్రెసిడెంటైన పళ్ళ డాక్టరు నన్ను లేపి, ఇకనుంచి ఈవిడే మనకు రాసిపెడుతుందని పరిచయం చేశాడు. నడవలేనివాళ్ళకు వీల్‌చైర్లు ఉచితంగా అరువిచ్చే సంఘం. ఆరుగురం కమిటీ. జీతాల్లేవు, అంతా సేవ. ఆ మాట ఎన్నిసార్లు అంటారంటే, ఇక పని చేయడానికి టైము మిగలదు.

నెలనెలా కుర్చీలన్నీ తనిఖీ చేయాలని రూలు. టీ కప్పులతో పాటు రిజిస్టరు చుట్టూ తిరిగింది. తలా ఒక సంతకం. కుర్చీలున్న గది పక్కనే, అయినా కూర్చున్న చోటినుంచి ఒక్కరూ లేవలేదు. మర్యాదకు నేనూ సంతకం పెట్టాను.

జూన్ 4

రిజిస్టరు ఇంటికి తెచ్చి తిరగేశాను. ఒక్కో కుర్చీకి కొన్ని పేజీలు. నాలుగేళ్ళ కిందట ఎవరో మహానుభావుడు మొదటి గడిలో ‘బాగుంది’ అని రాశాడు. అప్పట్నుంచి కిందంతా డిటో గుర్తులే. పేజీ మారినా డిటోనే. పద్నాలుగో నంబరు విరిగి, పాత ఇనుములో పోయి రెండేళ్ళయిందని చివరి పేజీలోనే ఉంది. అదీ బాగుందట. పడీ పడీ నవ్వాను.

జూన్ 6

గది తెరిపించి అన్నీ నేనే చూశాను. రెండింటికి టైర్లు పోయాయి. తొమ్మిదో నంబరుకు ఎడమ బ్రేకు పట్టదు. లాగితే పట్టినట్టే ఉంటుంది, కాసేపటికి జారిపోతుంది.

రిజిస్టరులో రాయలేదు. ఇరవై ఎనిమిదిన వార్షిక సమావేశం. దాతలంతా వస్తారు. పద్నాలుగో నంబరు చూపించండని అందరి ముందూ అడుగుతాను. తొమ్మిదో నంబరు తెప్పించి ప్రెసిడెంటు గారినే కూర్చోమంటాను. ఊరందరి నోళ్ళూ తెరిపించేవాడు తన నోరు తెరవలేకపోతే ఎలా ఉంటాడో చూడాలి.

మా ఆయనకు చెప్పాను. ఇప్పుడే ఫోన్ చేసి ఆ కుర్చీ పక్కన పెట్టించొచ్చుగా అన్నారు. ఈయనకు ఏదీ ఓ పట్టాన అర్థం కాదు.

జూన్ 13

ఉపన్యాసం రాసుకున్నాను. నాలుగు పేజీలు. అద్దం ముందు రెండుసార్లు చదివాను.

జూన్ 17, మధ్యాహ్నం

తొమ్మిదో నంబరు గదిలో లేదు. గది తాళాలు చూసుకునే పెద్దాయన్ని అడిగితే, నిన్న ఎవరో పట్టుకెళ్ళారనీ, చీటీ చొక్కా జేబులో ఉందనీ, చొక్కా ఉతకడానికి పడిందనీ చెప్పాడు. ఇలాంటివాళ్ళ చేతిలో తాళాలు. ఈ ముక్క కూడా ఉపన్యాసంలో చేర్చాను. ఐదో పేజీకి వచ్చింది.

జూన్ 19

నా బట్టలు కుట్టే దర్జీ వాళ్ళమ్మ పడిపోయింది. ఆసుపత్రి బయట వాలు మీద కుర్చీ ఆపి, అతను చీటీ రాయించడానికి లోపలికి వెళ్ళాడట. వచ్చేసరికి కుర్చీ జారిపోయి, వాలు చివర గోడను గుద్దుకుని ఉంది. తుంటి విరిగింది. బ్రేకు వేశాననీ, ఒట్టేసి చెబుతున్నాననీ నాతో పదిసార్లు అన్నాడు.

కుర్చీ ఏ నంబరని నేను అడగలేదు.

జూన్ 21

అర్జెంటు మీటింగ్. దర్జీ తప్పు తనదేనని కుమిలిపోతున్నాడు. కమిటీకి అది మహా వీలుగా ఉంది. ప్రతి నెలా బాగుందని సంతకాలున్నాయి కాబట్టి మనకే బాధ్యతా లేదన్నాడు పళ్ళ డాక్టరు. లోపం సంగతి ఎవరికీ తెలియదని రిపోర్టు రాయమన్నాడు. నా దస్తూరి మళ్ళీ మెచ్చుకున్నాడు. మిగతా నలుగురూ తలలూపారు. చూస్తుంటే ఒళ్ళు కంపరమెత్తింది.

ఇంటికొచ్చి ఈ డైరీలో ఆరో తారీకు పేజీ చదివాను. వాళ్ళకు నిజంగానే తెలియదు. కమిటీలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మా ఆయన అన్నం వడ్డించి నా ముందు పెట్టారు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

జూన్ 24

ఉపన్యాసం ఐదు పేజీలూ చించేశాను. చించేటప్పుడు కూడా బాగా రాశాననే అనిపించింది. సిగ్గులేని మనిషిని.

జూన్ 28

సమావేశం మొదలయ్యేలోపు జూలై సంతకాలు కూడా కానిచ్చేద్దామన్నారు. తొమ్మిదో నంబరు పేజీలో మొదట నేనే రాశాను. ఎడమ బ్రేకు పట్టదు, జూన్ ఆరు నుంచి తెలుసు, తెలిసీ చెప్పలేదు. సంతకం పెట్టి టీతో పాటు పంపాను.

ఐదుగురూ చదవకుండా కింద డిటో కొట్టి సంతకాలు చేశారు.

తొమ్మిదో నంబరు కుర్చీ తిరిగివ్వడానికి దర్జీ వచ్చాడు. రిజిస్టరు ఆ పేజీ దగ్గర తెరిచి అతని చేతికిచ్చాను. మెల్లగా, పైనుంచి కిందికి చదివాడు. మొదటి సంతకం మీదే కదా టీచరమ్మా అన్నాడు.

అవునన్నాను.