పాలపళ్లు ఊడితేనే

బుధవారం రాత్రి, షాద్‌నగర్

ఇతరులు తమ యాప్‌లలో కలుపుకునే మా ప్రోగ్రాంలో పాత పద్ధతి ఒకటి తీసేసి కూడా కొత్త వెర్షన్‌కు 1.5 అనే నంబరిచ్చాం. 2.0 అంటే వాడేవాళ్లు జంకుతారని నాతో కలిసి దాన్ని రాసే మహేశ్ వాదన. చిన్న మార్పేననుకుని నార్కట్‌పల్లి స్వరూప దాన్ని తన లారీల బుకింగ్ యాప్‌లో పెట్టుకుంది. మేం తీసేసిన పద్ధతి మీదే నడిచే ఆ యాప్ పొద్దుటి నుంచి బంద్.

"నంబర్ జూసి నమ్మిన అక్కా," అంది ఫోన్‌లో. తిట్టినా బాగుండేది.

గొర్రెలు కాసే మా బాపు, గొర్రె వయసు చెప్పాలంటే దాని నోరు తెరిచి చూస్తాడు. ముందరి రెండు పాలపళ్లు ఊడి పెద్దవి వస్తేనే "రెండు పండ్లది" అంటాడు. ఉన్ని కత్తిరించినంత మాత్రాన అనడు. మేమూ అలాగే చేయాల్సింది: పాతది పోయినప్పుడు మొదటి అంకె మారాలి. చివరికి మహేశ్ కూడా ఒప్పుకున్నాడు.

ఆ కొత్త నియమం స్వరూపకు చెప్పాను.

"మంచిదే అక్కా. కని ఇగ నంబర్ నేను జూడ. ఏదన్న మారిస్తే నువ్వే ఫోన్ జెయ్."