మీ పుస్తకంలో లేని మాట

ఏవండీ,

మీరు పోయిన మూణ్నెల్లకి ఇవాళే డెలానీపూర్‌లో మన కొట్టు మళ్లీ తెరిచాను. నిరుడొచ్చిన ఇటలీ పెద్దావిడ వచ్చి "సపోనే" అంది. మన దీవికొచ్చే టూరిస్టులని అడిగి మీరు రాసుకున్న పుస్తకం తీశాను. ఇటలీ మాట తెలుగు అక్షరాల్లో, పక్కన ఇంగ్లీషు. కోడి కెలికినట్టుండే మీ రాతలో వెతగ్గా వెతగ్గా దొరికింది: సోప్. ఇచ్చాను.

ఆవిడ మీ కుర్చీ వైపు చూసి "మారితో?" అంది. అదీ రాసుకున్నారు: హస్బెండ్.

"డిగ్లీపూర్ గయే, మేడమ్," అని హిందీలో అనేశాను, మీరు సరుకు కోసం ఆ ఊరెళ్లినప్పుడల్లా అన్నట్టే.

"దొమానీ?" అంది. పుస్తకంలో చూశాను: టుమారో.

తలూపాను.

రేపు ఆవిడొస్తే ఏం చెప్పను? సబ్బూ ఉప్పూ గొడుగూ అన్నీ రాశారు గాని, 'పోయారు' అని చెప్పే ఆ ఒక్క మాటా రాసిపెట్టలేదు.